జాబ్ మేళాలు సరే, రిఫరల్ ఇచ్చేదెవరు?

పాతబస్తీ ఫంక్షన్ హాళ్లలో జాబ్ మేళా అంటే చాలు, యువత బారులు తీరుతోంది. దొరికేవి మాత్రం ఎక్కువగా టెలికాలర్, సేల్స్, డెలివరీ కొలువులే. బీటెక్ చేసినవాళ్లూ రెజ్యూమె ఇచ్చి ఫోన్ కోసం ఎదురుచూడాల్సిందే.

ఐటీ కంపెనీల్లో తీరు వేరు. ఓపెనింగ్ బయటికి తెలిసేసరికే లోపల పనిచేసేవాళ్లు తమకు తెలిసినవాళ్లకు రిఫరల్ ఇచ్చేసి ఉంటారు. సైబర్ టవర్స్ 1998లోనే వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల మెట్రో మాత్రం ఇంకా పూర్తికాలేదు. అయినా అసలు దూరం రోడ్డుది కాదు, పరిచయాలది.

మొహల్లా నుంచి వెళ్లి గచ్చిబౌలిలో సీనియర్లయినవాళ్లు లేరా? ఉన్నారు. చాలామంది టోలీచౌకీ వైపు ఇళ్లు మారారు, పండగలకే కనబడతారు. వాళ్లు నెలకో ఆదివారం వచ్చి పదిమంది రెజ్యూమెలు సరిదిద్ది, ఇద్దరికి రిఫరల్ ఇచ్చినా మేళా కంటే ఎక్కువే జరుగుతుంది. దీనికి సర్కారు జీవో కూడా అక్కర్లేదు.