మనసు చదవడానికి నాలుగు ఆప్షన్లు

మా అక్క కొడుక్కి ఏడేళ్లు. ఆటిజం అని నాలుగో ఏట తెలిసింది. పోయిన వేసవిలో వాడి పక్కన కూర్చుని, ట్యాబ్‌లో వాడు ‘సోషల్ స్కిల్స్’ నేర్చుకోవడం చూశాను. తెర మీద పుట్టినరోజు పార్టీ. కేకు చుట్టూ పిల్లలు, పైన బెలూన్లు. ఓ మూల ఒక పిల్లాడు మొహం ముడుచుకుని నిలబడ్డాడు. అతనికి ఎలా ఉంది? సంతోషం, బాధ, కోపం, భయం.

మావాడు కాసేపు చూసి రెండు చెవులూ మూసుకున్నాడు. ‘బెలూన్ పేల్తుంది’ అని, భయం నొక్కాడు.

తప్పట. ఎవరూ ఆడుకోవడానికి పిలవలేదు కాబట్టి అతనికి బాధ. సరే, బాధ నొక్కాడు, స్టార్ వచ్చింది. తర్వాతి రెండు బొమ్మలకీ వాడు బొమ్మ వైపు చూడనే లేదు. నేరుగా బాధ నొక్కాడు. రెండూ కరెక్టే! అక్క మొహం వెలిగిపోయింది.

వాడు ఆ రోజు నేర్చుకున్నది ఎదుటివాడి మనసు కాదు, ఆప్ మనసు. ఇంకొకరి చోట నిలబడి చూడటం అన్న పని ఆ గదిలో ఎవరైనా చేశారంటే అది మావాడే. తన చెవులతో సహా వెళ్లి ఆ మూల నిలబడ్డాడు. ఆ పనికే తప్పు మార్కు పడింది.

మొహం ఒక్కటే చూసి లోపలి భావం నమ్మకంగా చెప్పలేమని లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు పరిశోధకులు 2019లో పెద్ద సమీక్షే రాశారు. పెద్దవాళ్లకే సాధ్యం కానిదాన్ని ఏడేళ్ల పిల్లాడికి బహుళైచ్ఛిక ప్రశ్నగా పెడుతున్నాం.

ఈ ఆలోచనకి వేరు 1985లో ఉంది. సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ పిల్లలకి ఒక బొమ్మలాట చూపించారు. శాలీ తన గోళీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది. ఆన్ దాన్ని పెట్టెలోకి మారుస్తుంది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? 20 మంది ఆటిస్టిక్ పిల్లల్లో 16 మంది పెట్టె వైపు చూపించారు. ఆ 16 మంది మీద ‘ఎదుటివారి మనసు తెలియని పిల్లలు’ అన్న ముద్ర లేచింది. సరిగ్గా చెప్పిన నలుగురి సంగతి ఎవరికీ గుర్తులేదు.

2012లో డేమియన్ మిల్టన్, తానూ ఆటిస్టిక్ అయిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, ఈ లెక్కని తిరగేశాడు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది, మరి లోపం ఒక్కరిదే ఎలా అవుతుంది అన్నాడు. 2020లో ఎడిన్‌బరో పరిశోధకులు ఒక కథని మనిషి నుంచి మనిషికి చెప్పించారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలో కథ, ఆటిజం లేనివాళ్ల వరసలో లాగే నిలబడింది. ఇద్దర్నీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. అంటే తెగుతున్నది మధ్యలో. రిపేరు మాత్రం ఒక కొసకే చేస్తున్నాం.

మన ఇళ్లలో ఈ విద్య ఎలా వస్తుందో చూడండి. మా అమ్మ తన సొంత కూతుర్ని మనవడి దగ్గర ‘మీ అమ్మ’ అంటుంది, నన్ను ‘మీ పిన్ని’ అంటుంది. రోజుకి వందసార్లు వాడి చోటుకి వెళ్లి మాట్లాడుతుంది. ‘మేము’ అనాలా ‘మనం’ అనాలా అంటే, వింటున్నవాడు లోపలున్నాడో బయటున్నాడో ముందు తేల్చుకోవాలి. చూసినది ‘వచ్చాడు’, విన్నది ‘వచ్చాడట’. మావాడికి ఆకలైతే ‘నీకు ఆకలేస్తోందా?’ అంటాడు. అక్క అడిగే మాట అది, వాడికి అదే ఆకలి పేరు. మా అమ్మ మారు మాట్లాడకుండా అన్నం కలుపుతుంది. వాడి మాటని వాడి వైపు నుంచి వినడం ఆవిడ ఏ ఆప్‌లోనూ నేర్చుకోలేదు.

థెరపిస్టు దొరక్క, దొరికినా ఫీజు కట్టలేక ట్యాబ్ పట్టుకున్న అమ్మానాన్నల్ని నేనేమీ అనను. మా అక్కా వాళ్లలో ఒకతె. అన్ని ఆప్‌లూ ఒకటే అని కూడా అనను. చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటివి, మాట రాని పిల్లలు బొమ్మ నొక్కి తమ మాట బయటికి చెప్పుకోడానికి ఉన్నాయి. అక్కడ వినాల్సిన పని మనది. నా పేచీ, మనల్ని వినకుండా కాపాడి పిల్లాణ్ణి మాత్రమే దిద్దే వాటితో.

ఆటిజాన్ని గుర్తించిన 2016 వికలాంగుల హక్కుల చట్టం, వీళ్లని మిగతా పిల్లలతో కలిపి చదివించమంటుంది. కలపడం అంటే క్లాసులో మిగతావాళ్లు కూడా కాస్త జరగాలి. బెలూన్లు పగిలే పార్టీలో చెవులు మూసుకున్నవాణ్ణి చూసి ‘బయటికెళ్దామా’ అని అడగడం వాళ్లకెవరు నేర్పుతున్నారు? కథలు చదివితే పరాయి బాధ తెలుస్తుందని గొప్పలు పోయే మనలో ఎంతమందికి వచ్చు? నాకూ రాలేదు. ఆ రోజు ఆప్ ‘తప్పు’ అన్నప్పుడు నేను పక్కనే ఉండి కూడా, ‘కాదురా, నీదీ కరెక్టే’ అనలేదు. స్టార్ రాగానే అక్కతో పాటు చప్పట్లు కొట్టాను.