సెటిల్ అయ్యేదెప్పుడు పాపా?

మొన్న చింతామణిలో చుట్టాల పెండ్లికి పోయినాము. భోజనాల దగ్గర మా పెద్దమ్మ అడిగింది, "డిగ్రీ ఈ ఏడాదితో అయిపోతుంది కదా, సెటిల్ అయ్యేదెప్పుడు పాపా?" అని. బీఈడీ చేయాలనుకుంటున్నానని చెప్పినాను. "అది సరేలే, సెటిల్ అయ్యేదెప్పుడు?" అని మళ్ళీ అదే ప్రశ్న. పక్కనే కూర్చున్న మా అన్ననూ అదే మాట అడిగింది. అన్న బెంగళూరులో తన కంపెనీ పేరు చెప్పగానే తృప్తిగా తలూపింది. మాట ఒక్కటే. అన్నకైతే ఉద్యోగం, నాకైతే పెండ్లి.

ఇంగ్లీషు మాట కదా, అక్కడ దాని అర్థమేమిటో చూద్దామని డిక్షనరీ తీసినాను. అసలు మాట 'సెటిల్ డౌన్'. మనం ఆ 'డౌన్'ను దారిలో ఎక్కడో జారవిడిచినాము. కానీ ఇంగ్లీషులో ఇట్లాంటి జంట క్రియల్లో ఆ చిన్న ముక్కే అర్థాన్ని తిప్పేది. కొత్త హాస్టల్‌కు అలవాటు పడితే 'సెటిల్ ఇన్'. బాకీ తీర్చేస్తే 'సెటిల్ అప్'. కోరుకున్నది దొరక్క, దొరికినదానితో సరిపెట్టుకుంటే 'సెటిల్ ఫర్'. మనలో చాలామందికి జరిగేది ఈ చివరిదేనని నా అనుమానం.

'సెటిల్ డౌన్' అంటే గోల ఆపి కుదురుగా కూర్చోవడం. క్లాసులోకి రాగానే టీచర్లు అనేది అదే. చదువు మీదో పని మీదో మనసు నిలపడం కూడా అదే. ఒక ఊరిలో నిలిచి ఇల్లూ సంసారమూ ఏర్పరచుకోవడమూ అదే. పెండ్లి అనే అర్థం ఇంగ్లీషులో లేదని నేను అనను, ఉంది. కానీ అది ఎవరికి వాళ్ళు చేసుకునే పని. మన ఇండ్లల్లో వినబడేదేమో, "పెద్దదాన్ని సెటిల్ చేసేసినాము, ఇంక చిన్నది మిగిలింది" అని. ఇంగ్లీషులో ఒకరు ఇంకొకరిని 'సెటిల్ డౌన్' చేసినారంటే, చాలావరకు ఏడ్చే బిడ్డను సముదాయించి పండబెట్టినట్టు!

మా చిన్నాన్న కూతురు బీకాం రెండో సంవత్సరంలో ఉండగానే 'సెటిల్' అయిపోయింది. పుస్తకాలు ఇంకా మా అటక మీదే ఉన్నాయి. మూడేండ్లలో నాలుగు బాడుగ ఇండ్లు మారింది. బావకు పని పోయినప్పుడు ఆరు నెలలు బాగేపల్లిలో పుట్టింట్లోనే ఉంది. అయినా ఆమెను ఇప్పుడు ఎవరూ ఆ ప్రశ్న అడగరు.

మన జిల్లావారే, గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారిని చూడండి. ఫిజిక్స్ మాస్టారు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసినారు. పెండ్లి చేసుకోలేదు. కాలేజీ హాస్టల్ గదిలోనే జీవితమంతా ఉన్నారు. మన కైవారం తాతయ్యేమో గాజుల మలారం మోసుకుని ఊరూరూ తిరిగినవారు. మా పెద్దమ్మ లెక్కలో ఇద్దరూ సెటిల్ కానట్టే. వాళ్ళ పటాలకు మనం పూలమాలలు వేస్తాము, వేయాల్సిందే. అదే ఒక ఆడపిల్ల పెండ్లి మాట పక్కనపెట్టి హాస్టల్ గదిలో పుస్తకాల మధ్య ఉండిపోతానంటే ఊరు ఏమంటుందో మీకూ తెలుసు.

ఇంతకన్నా మంచి మాట మనకు ఇంట్లోనే ఉంది, కుదురుకోవడం. మా అవ్వ ఇప్పటికీ పాత చీర గుడ్డతో కుదురు చుడుతుంది. మట్టి కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది, ఉత్త నేల మీద పెడితే పొర్లిపోతుంది. అందుకని కుండ సైజు చూసి, దానికి తగ్గట్టు కుదురు చుడతారు. వయసులో ఉన్నప్పుడు అవ్వ అట్లాంటి చుట్టనే నెత్తిన పెట్టుకుని, దాని మీద నీళ్ళ కడవ పెట్టుకుని, బావి నుంచి ఇంటిదాకా నడిచేదట. నిలబడడానికీ అదే, నడవడానికీ అదే. మా అక్కకు చుట్టిన కుదురు ఎవరి కుండ చూసి చుట్టినారో నాకు అర్థం కాదు.

ఉగాదికి పెద్దమ్మ మా ఇంటికి వస్తుంది. ప్రశ్న ఎట్లాగూ అడుగుతుంది. "బీఈడీ అయినాక కుదురుకుంటాను పెద్దమ్మా" అని చెప్పాలని ఉంది. అన్న పక్కనే ఉంటే, "అన్నకు పెండ్లెప్పుడు?" అని ఈసారి నేనే అడుగుతా.