గెలిచేవాడికి కౌంటర్ మూసేస్తారు

“చిన్నాన్నా, ఇది జూదం కాదు, లెక్క.”

మా అన్న కొడుకు ఇంగ్లండ్ నుంచి ఫోన్ చేసి అన్న మాట ఇది. అక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు, వారానికి రెండు మూడు రాత్రులు ఒక గోదాములో పని చేస్తున్నాడు. బెంగళూరులో మా సంఘంలో రెండేళ్ళు సండే స్కూల్ పాఠాలు చెప్పిన పిల్లవాడు. చలికాలంలో జరిగే జంప్ రేసుల మీద పందేలు కాస్తున్నానని తనే చెప్పాడు. దాచలేదు. దాచాల్సిన పని అనిపించలేదు వాడికి.

“పాపం రా, మానెయ్” అని ఫోన్ పెట్టేయవచ్చు. మన సంఘాల్లో పెద్దలం సాధారణంగా చేసేది అదే. కానీ వాడు స్టాటిస్టిక్స్ చదివినవాడు. ఒక్క మాటతో తోసేస్తే వాడు పందేలు మానడు, నాకు చెప్పడం మానేస్తాడు. అందుకని లెక్క చెప్పమన్నాను. చెప్పాడు. లెక్కలో తప్పు లేదు. ప్రియమైన యవనస్థులారా, లెక్క తప్పయి ఉంటే నాకు ఈ వ్యాసం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ముందు ఈ రేసుల సంగతి. బెంగళూరులోనో మలక్‌పేటలోనో మనకు తెలిసిన పందేలు చదునైన మైదానంలో పరుగు. బ్రిటన్, ఐర్లండ్‌లలో జంప్ రేసులంటే గుర్రం దారిలో అడ్డాలను దూకుతూ పరుగెత్తాలి. చిన్న అడ్డాలైతే హర్డిల్స్, ఎత్తయిన కంచెలైతే చేజ్. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వీటికి ముఖ్యమైన కాలం. మార్చిలో చెల్టెన్‌హామ్‌లో నాలుగు రోజుల పండుగ, ఏప్రిల్‌లో ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్. గ్రాండ్ నేషనల్ దాదాపు 7 కిలోమీటర్ల దూరం, 30 కంచెలు. 1967లో 23వ కంచె దగ్గర గుర్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఆగిపోతే, బాగా వెనకబడి వస్తున్న ఫోయినావన్ సందు చూసుకుని దాటి గెలిచింది. దాని ధర 100/1. ఇలాంటి కథల వల్లే జనానికి ఈ రేసులంటే మోజు.

ధర అంటే ఏమిటి? 8/1 అంటే ఒక పౌండు పెట్టి గెలిస్తే ఎనిమిది పౌండ్ల లాభం, మన పౌండు కూడా తిరిగి వస్తుంది. మరోలా చెబితే, ఆ గుర్రం తొమ్మిదిసార్లలో ఒకసారి గెలుస్తుందన్నట్టు, అంటే దాదాపు 11 శాతం. ఇప్పుడు ఆరు గుర్రాల రేసు ఒకటి ఊహించండి. ధరలు 2/1, 3/1, 4/1, 5/1, 7/1, 9/1. వీటిని శాతాల్లోకి మార్చి కూడితే 100 రావాలి కదా? 117.5 వస్తుంది. ఆ పైనున్న 17.5 బుక్‌మేకర్‌ది. రేసును బట్టి ఇది పెరుగుతుంది, తగ్గుతుంది. కానీ 100 కంటే ఎక్కువే ఉంటుంది. ఏమీ తెలియకుండా అందరిలా కాస్తూ పోతే మెల్లగా జేబు ఖాళీ అవుతుంది. ఇక్కడి దాకా మా వాడూ నేనూ ఒకటే మాట.

వాడి వాదన ఇక్కడ మొదలవుతుంది. “ఏ గుర్రం గెలుస్తుందన్నది ప్రశ్న కాదు చిన్నాన్నా. ధర తప్పా ఒప్పా అన్నదే ప్రశ్న.” 8/1 ధర ఉన్న గుర్రానికి అసలు అవకాశం 15 శాతమని మీరు సరిగ్గా లెక్కగట్టారనుకోండి. పదేసి పౌండ్ల చొప్పున వంద పందేలు కాస్తే 15 గెలుపులకు 1200 వస్తుంది, 85 ఓటములకు 850 పోతుంది. మిగిలేది 350. ఇదే వాల్యూ బెట్. గెలిచే గుర్రమే కానక్కర్లేదు, ఉండాల్సిన దానికంటే చవగ్గా దొరికితే చాలు. రైతుబజారులో టమాటా కొన్నట్టే.

మరి ఆ తప్పు ధరలు ఎక్కడ దొరుకుతాయి? వాడు గంటసేపు చెప్పాడు, నిజం చెప్పాలంటే నాకూ ఆసక్తిగానే ఉంది. మొదటిది నేల. చలికాలం వానలకు నేల మెత్తబడి, చివరికి బురదగా మారుతుంది. కొన్ని గుర్రాలు గట్టి నేల మీద వరుసగా ఓడిపోయి, బురదలో వేరే గుర్రంలా పరుగెత్తుతాయి. పేపర్లో వాటి పేరు పక్కన వరుస ఓటములే కనబడతాయి కాబట్టి జనం వాటిని వదిలేస్తారు. రెండోది హ్యాండిక్యాప్ రేసులు. ప్రతి గుర్రానికీ అధికారులు ఒక రేటింగ్ ఇస్తారు, ఒక్కో అంకెకు ఒక పౌండు బరువు, అంటే సుమారు 450 గ్రాములు. మంచి గుర్రం ఎక్కువ బరువు మోయాలి. నేర్చుకునే దశలో ఉన్న జాకీ ఎక్కితే అనుభవాన్ని బట్టి 7, 5, 3 పౌండ్ల బరువు తగ్గిస్తారు. అనుభవం తక్కువైనా చేయి తిరిగిన కుర్ర జాకీ అయితే ఆ తగ్గింపు లాభమే. మూడోది, గుర్రానికి శ్వాస సరిగా ఆడడానికి చేసే ఆపరేషన్. 2018 నుంచి బ్రిటన్‌లో దాన్ని ముందే ప్రకటించాలి. అయినా చాలామంది ఆ చిన్న గుర్తు వైపు చూడరు.

అన్నిటికంటే వాడికి ఇష్టమైనది ఈచ్-వే. సగం డబ్బు గెలుపు మీద, సగం మొదటి కొన్ని స్థానాల మీద. మామూలు నిబంధన ప్రకారం ఎనిమిది గుర్రాలుంటే మొదటి మూడు స్థానాలకు ధరలో ఐదో వంతు ఇస్తారు. ఎనిమిదింటిలో నాలుగు పనికిరానివైతే? మిగిలిన నాలుగింటికి మూడు స్థానాలు! 8/1 గుర్రానికి స్థానం ధర 8/5, అంటే 38 శాతం చిల్లర. అసలు అవకాశం 50 దాటి ఉండవచ్చు. ఇందులోనూ మెలిక ఉంది. చివరి నిమిషంలో ఒక్క గుర్రం తప్పుకుని ఏడే మిగిలితే రెండు స్థానాలకే డబ్బు.

పెద్ద ధరలంటేనే వాల్యూ అనుకోవడం మాత్రం వట్టి భ్రమ. 1990లో నార్టన్స్ కాయిన్ చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్‌ను 100/1కి గెలిచింది. యజమాని వేల్స్‌లో పాలు అమ్ముకునే రైతు. 2009లో మాన్ మోమ్ గ్రాండ్ నేషనల్‌ను అదే ధరకు గెలిచింది. ఈ పేర్లు అందరికీ గుర్తుంటాయి, ఓడిపోయిన 100/1 గుర్రాల పేర్లు ఎవరికీ గుర్తుండవు. పెద్ద ధరల గుర్రాల మీద సగటు నష్టం ఫేవరెట్ల మీద కంటే ఎక్కువని ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా చూపిస్తూనే ఉన్నారు. ఆశకు జనం ఎక్కువ వెల కడతారు.

ఇన్ని చెప్పాక వాణ్ణి ఒకటే అడిగాను. “15 శాతమని నీకెలా తెలుసురా? 10 శాతమే అయితే?” అప్పుడు అవే వంద పందేలకు 350 లాభం కాదు, 100 నష్టం. అంచనాలో అయిదు శాతం తేడా, అంతే. పైగా లెక్క సరైనదే అయినా వందలో ఎక్కడో ఒకచోట వరుసగా ఇరవై ఓడిపోవడం వింతేమీ కాదు. ఆ ఇరవైలో ఫీజు వాయిదా డబ్బు ఉంటే?

“దానికో పరీక్ష ఉంది చిన్నాన్నా” అన్నాడు. పొద్దున నువ్వు 8/1కి కాసిన గుర్రం సాయంత్రం రేసు మొదలయ్యేసరికి 5/1 అయిందా? మార్కెట్ అంతా నీ వైపు వచ్చిందన్నమాట. ఒకసారి కాదు, మాటిమాటికీ అలా జరిగితే నీ అంచనా మంచిదే, ఆ రోజు గుర్రం ఓడినా సరే. తెలివైన మాట. వాడి పందేలు ఎక్కువ భాగం అలాగే ఉన్నాయి కూడా. జనవరికల్లా ఆరువందల పౌండ్ల పైన మిగిలింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఇరవై పౌండ్లు కాయబోతే స్క్రీన్ మీద “మీకు అనుమతించేది 1 పౌండు 40 పెన్స్” అని వచ్చింది. మర్నాడు ఇంకో కంపెనీలోనూ అంతే. మోసం చేయలేదు, దొంగ పేరు వాడలేదు. ధర కంటే ముందున్నాడు, అదే తప్పు. వాడు తన తెలివికి గుర్తుగా చూసుకున్న పరీక్షనే బుక్‌మేకర్ల కంప్యూటర్లూ చూస్తాయి. వరుసగా మంచి ధర పట్టేవాడు ఇంకా పెద్దగా గెలవకముందే దొరికిపోతాడు. బ్రిటన్‌లో ఇది చట్ట విరుద్ధం కాదు. ఎవరి పందెం తీసుకోవాలో, ఎంత తీసుకోవాలో కంపెనీ ఇష్టం.

అదే గోదాములో పనిచేసే మన తెలుగు కుర్రాడే ఇంకొకడు ఉన్నాడు. మా వాడికంటే చిన్నవాడు. లెక్కలు చూడడు. నాలుగు ఫేవరెట్లను కలిపి ఒకే చీటీలో కాస్తాడు. ఒక్కో రేసులో బుక్‌మేకర్ వాటా పైన చెప్పినట్టే ఉందనుకోండి, నాలుగు కలిస్తే అది గుణింతం అవుతుంది. నూరు పెడితే సగటున తిరిగొచ్చేది 52. 2015లో చెల్టెన్‌హామ్ మొదటి రోజున విల్లీ ముల్లిన్స్ గుర్రాలు మూడు వరుసగా గెలిచాయి. నాలుగోదైన ఆనీ పవర్ అందరికంటే ముందుండి చివరి హర్డిల్ దగ్గర పడిపోయింది. దేశమంతా చీటీలు చింపుకున్నారు. ఈ కుర్రాడికి అలాంటి సాయంత్రాలు మామూలే. వాడి ఖాతాకు మాత్రం ఏ పరిమితీ రాలేదు. పైగా ప్రతి శుక్రవారం ఫోన్‌కు “మీ కోసం 10 పౌండ్ల ఉచిత పందెం” అని మెసేజ్.

ఒకే గోదాము, ఒకే కంపెనీ, ఇద్దరు కుర్రాళ్ళు. గెలవగలిగినవాడికి కౌంటర్ మూశారు, ఓడిపోయేవాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. నా అభ్యంతరం ఇక్కడుంది. వాల్యూ బెట్ అన్నది ఉంది. కానీ అది అమ్మకానికి పెట్టిన సరుకు కాదు, దుకాణం ముందు వేలాడదీసిన బొమ్మ. తెలివి ఉంటే గెలవవచ్చన్న నమ్మకాన్ని అందరికీ అమ్ముతారు, నిజంగా తెలివున్నవాణ్ణి గుమ్మం దాటనివ్వరు.

ఆ ఆరువందల పౌండ్లు ఎవరివి? “కంపెనీవి” అన్నాడు మా వాడు. 2020 జూలైలో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం, జూద పరిశ్రమ లాభాల్లో 60 శాతం 5 శాతం మంది నుంచి వస్తుంది. ఆ 5 శాతం అప్పటికే వ్యసనంలో పడినవారు లేదా దాని అంచున ఉన్నవారు. కంపెనీ గల్లాపెట్టెలో ఉన్నది వాళ్ళ జీతమే. అందులోంచే మా వాడికి ఆరువందలు వచ్చాయి. మాట కటువుగా ఉందని తెలుసు, వాడితో కూడా ఇలాగే అన్నాను.

రేసులు నడిచేదీ ఆ డబ్బుతోనే. బ్రిటన్‌లో బుక్‌మేకర్లు తమ దేశపు గుర్రప్పందేల మీద ఏడాదికి 5 లక్షల పౌండ్లు దాటిన స్థూల లాభంలో 10 శాతం లెవీ బోర్డుకు కట్టాలి. బహుమతి డబ్బులో ఒక భాగం అక్కణ్ణుంచి వస్తుంది. జనం ఓడితేనే క్రీడ బతికే ఏర్పాటు ఇది. గుర్రాల చావులు ఇంకో పెద్ద సంగతి. 2023 గ్రాండ్ నేషనల్‌లో హిల్ సిక్స్‌టీన్ చనిపోయింది, మరుసటి ఏడు నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కి తగ్గించారు. దాని గురించి వేరే రాయాలి.

“బెట్‌ఫెయిర్ లాంటి ఎక్స్‌చేంజీలు ఉన్నాయి కదా, అక్కడ గెలిచేవాణ్ణి ఆపరు” అంటారు తెలిసినవాళ్ళు. నిజమే, 2000లో మొదలైన ఈ పద్ధతిలో పందెం మనుషుల మధ్యే, కంపెనీకి కమిషన్. కానీ రేసు దగ్గరపడేకొద్దీ అక్కడి ధరలు కచ్చితంగా ఉంటాయి, పొద్దున్నేమో కాసే డబ్బే తక్కువ. పైగా అవతల కూర్చుని ఓడిపోయేవాడు కంపెనీ అన్న ముసుగు కూడా లేకుండా పోతుంది.

మా వాడు కడపటి అస్త్రంగా మన సుప్రీంకోర్టును తెచ్చాడు. 1996లో తమిళనాడు కేసులో గుర్రప్పందేలు నైపుణ్యంతో కూడిన ఆటేనని తీర్పు వచ్చింది. ఒప్పుకున్నాను. నైపుణ్యమే. నైపుణ్యమా అదృష్టమా అన్నది కోర్టు తేల్చింది. ఎవరి జీతం ఎవరి జేబులోకి పోతోందన్నది వేరే ప్రశ్న, అది నీకూ నాకూ మిగిలింది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత వాడే ఫోన్ చేశాడు. పందేల గురించి కాదు. గోదాములో ఆ చిన్నవాడు నెల అద్దె కట్టలేకపోయాడట. ఇద్దరూ కూర్చుని గామ్‌స్టాప్‌లో పేరు రాశారు. అక్కడ లైసెన్సున్న ఆన్‌లైన్ జూద కంపెనీలన్నీ ఆ పేరున్నవాణ్ణి రానివ్వకూడదు. ఆరు నెలలా, ఏడాదా, అయిదేళ్ళా అని అడుగుతుందట. చిన్నవాడు ఆరు నెలల మీద వేలు పెట్టి మా వాడి ముఖం చూశాడట.

“నువ్వేమన్నావురా?” అని అడిగాను.

“ఏమీ అనలేదు చిన్నాన్నా. ముందు నా పేరు రాశాను, అయిదేళ్ళకి. తర్వాత ఫోన్ వాడి చేతికిచ్చాను.”