తుప్పు మాత్రమే తీద్దాము



నాగారంలో మా సంఘ పెద్ద ఒకరి ఇంటి ముందు, రేకుల షెడ్డులో, ఒక పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉన్నది. ఆయన తండ్రిగారు కొన్నది. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన ఈ కారును మన దేశంలో 1961 నుండి మద్రాసులో తయారుచేశారు. దీని ఛాసిస్‌నే పొట్టిగా చేసి ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును నిర్మించారు. హెరాల్డ్ బానెట్టు మడ్‌గార్డులతో సహా ఒక్కటిగా ముందుకు లేస్తుంది. దానిని చూచి సండేస్కూలు పిల్లలు "యోనా చేప నోరు తెరిచింది" అని నవ్వుతారు.

ఎన్నో ఏండ్లు మూలపడిన ఆ కారును ఆయన బాగుచేయ మొదలుపెట్టారు. నాచారం నుండి వచ్చిన మెకానిక్ చూచి, "అంతా ఊడదీసి, రంగు గీకి, కొత్త పెయింటు కొడితే షోరూము బండిలా చేస్తాను సార్" అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. మెత్తని గుడ్డతో మురికి తుడిచి, ఓపికగా పాలిష్ పెడితే తండ్రిగారి నాటి రంగే బయటపడింది. అడుగు రేకును తుప్పు తినివేసిన చోట మాత్రమే కోసి అతుకు వేయించారు. సీటుకు చినిగిన కుట్టు మాత్రమే కుట్టించారు. అయితే బ్రేకు రబ్బర్లు, పెట్రోలు పైపు, వైర్లు, టైర్లు మాత్రం కొత్తవి వేయించారు. "ప్రాణం మీదికి వచ్చే చోట పాతదని ముద్దు చేయకూడదు" అన్నారు. తీసిన ప్రతి భాగమునకు చీటీ కట్టి పెట్టెలో దాచారు.

ఇది చాదస్తము కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి, మొదటి రూపములోనే ఉండి, పెద్ద మార్పులకు లోనుకాని బండినే వింటేజ్ వాహనముగా నమోదు చేస్తారు. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చును. గీకివేసిన మొదటి రంగు తిరిగి రాదు.

ఆయన కుమారుడు త్రాగుడుకు లోబడి ఇల్లు విడిచి, మూడేండ్లకు తిరిగి వచ్చాడు. వచ్చిన వారములోనే తండ్రి ఆజ్ఞలు మొదలయ్యాయి: గడ్డము తీయాలి, గిటారు ముట్టకూడదు, స్నేహితులందరినీ మానాలి, తెల్లవారు జామున 5 గంటలకు ప్రార్థనకు లేవాలి. అబ్బాయి మరల సంచి సర్దుకొన్నాడు. ఆ రాత్రి తల్లి, "ఏమండీ, ఆ కారుకు చూపిన ఓర్పు బిడ్డకు చూపలేరా? తుప్పు తీయమంటే రంగంతా గీకుతున్నారు" అన్నది. ఈ సంగతి నాతో చెప్పుచు ఆయన కంటతడి పెట్టారు.

తప్పిపోయిన వానిని సాత్వికముతో సరిచేయమని గలతీ 6:1లో పౌలు నేర్పుతున్నాడు. అక్కడ "సరిచేయుట"కు వాడిన గ్రీకు మాటనే మార్కు 1:19లో జెబెదయి కుమారులు వలలు బాగుచేసుకొనుటకు కూడ వాడారు. జాలరి తెగిన చోట మాత్రమే అల్లుతాడు, వలను పారవేయడు.

తండ్రి గిటారును తన చేతులతో తిరిగి ఇచ్చారు. బ్రేకుల విషయములో మాత్రము సడలింపు లేదు: డాక్టరు వద్దకు తప్పక వెళ్ళాలి, జీతము తల్లి చేతికి రావాలి. మధ్యలో ఒకసారి అబ్బాయి మరల పడిపోయాడు. అయినను ఇంటి తలుపు మూయబడలేదు.

ఇప్పుడు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత తండ్రీ కొడుకులిద్దరూ ఆ బానెట్టు క్రింద తలలు పెట్టి కనబడతారు. కారు ఇంకా పూర్తి కాలేదు. కుమారుని సంగతియు అంతే, మన సంగతియు అంతే.

మీ ఇంట మీరు సరిచేయగోరుచున్న వారెవరు? వారిలో తుప్పు ఏది, దేవుడు వేసిన మొదటి రంగు ఏది? చేయి వేయకముందు ఒకసారి మోకరించి ఆయననే అడుగుడి. ఆయన మృదువైన హస్తము మీ గృహమునకు తోడైయుండును గాక. ఆమేన్.