కాశీలో వదిలిన కాయ

కాశీకి వెళ్ళివచ్చినవాళ్ళను మనవాళ్ళు మొదట అడిగేది విశ్వేశ్వరుడి దర్శనం ఎలా అయిందని కాదు. "ఏం వదిలారు?" అని! ఒక కాయా, ఒక పండూ గంగలో వదిలి, మళ్ళీ ముట్టకూడదన్నది మన ఇళ్ళలో ఆచారం కదా.

మేమూ వెళ్ళాం. మావారు కాకరకాయ వదిలారు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన విస్తట్లో కాకరకాయ ముక్కను నేను చూసి ఎరగను! మా అత్తగారు మాత్రం నిజాయితీగా మామిడిపండు వదిలారు. ఆవిడకు మామిడిపండంటే ప్రాణం. నేను పొట్లకాయా, సీతాఫలమూ వదిలి, మూడు మునకలు వేసి, పాపాలన్నీ కొట్టుకుపోయాయనుకుంటూ గట్టెక్కాను.

తడిచీర పిండుకుంటూంటే మెడలో గొలుసు చేతికి తగిలింది.

ఆ గొలుసు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అది మా అమ్మది. ఆఖరి రోజుల్లో దగ్గరున్నది నేనే. "ఇది చెల్లాయికివ్వవే. నీ పెళ్ళికి అన్నీ పెట్టాం. దానికేమీ పెట్టలేకపోయాం" అన్నది. సరేనన్నాను. కర్మలన్నీ అయిపోయాయి. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సేవ చేసింది నేనే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. అలా తొమ్మిదేళ్ళు!

ఇంటికి వచ్చాక ఊరుకోలేక, మా మామగారి బీరువాలోంచి మనుస్మృతి తాత్పర్యం తీశాను. ప్రాయశ్చిత్తాలన్నీ 11వ అధ్యాయంలో ఉన్నాయి. చాంద్రాయణమని ఒకటి. పౌర్ణమినాడు 15 ముద్దలు తిని, రోజుకో ముద్ద తగ్గిస్తూ అమావాస్యకు ఉపవాసం, మళ్ళీ రోజుకో ముద్ద పెంచుకుంటూ పౌర్ణమికి రావడం. బంగారం దొంగతనానికైతే చాలా కఠినమైనవే ఉన్నాయి. చిన్న చిన్న వస్తువులు కాజేసినవాళ్ళకు సాంతపనమట. ఒకరోజు పంచగవ్యాలూ, దర్భనీళ్ళూ, మర్నాడు కటిక ఉపవాసం. ఇంతేనా, చేసెయ్యవచ్చు ననుకున్నాను. తీరా చూస్తే అక్కడే ఉంది మెలిక. ముందు వస్తువు సొంతదారుకు తిరిగి ఇచ్చి, ఆ తరవాత వ్రతం చేయాలట!

మన శాస్త్రమొక్కటే కాదు. బలిపీఠం దగ్గర కానుక అక్కడే ఉంచి, ముందు వెళ్ళి సోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు ఏసు. యూదులు ఏటా ఒకరోజు పాపక్షమాపణకని ఉపవాసం ఉంటారు. సాటిమనిషికి చేసిన అపకారం మాత్రం, ఆ మనిషిని ప్రసన్నం చేసుకుంటేగాని ఆ రోజైనా పోదని వాళ్ళ శాస్త్రం. దేవుళ్ళందరూ కూడబలుక్కుని నన్ను మా చెల్లెలింటికే పొమ్మంటున్నట్లనిపించింది.

వెళ్ళాను. వంటింట్లో పీట మీద కూర్చుని గొలుసు తీసి దాని చేతిలో పెట్టాను. రైల్లో వల్లెవేసుకున్న మాట ఒక్కటీ నోట రాలేదు.

"నాకు తెలుసక్కా. అమ్మ నాతోనూ చెప్పింది" అంది.

"మరి ఎందుకడగలేదే?"

"అడిగితే గొలుసు వచ్చేది. నువ్వు వేసవికి రావడం మానేసేదానివి."

ఏడ్చాను. అది మాత్రం ఏడవలేదు. గొలుసు మెడలో వేసుకుంది. మొహమాటానికైనా "నువ్వే ఉంచుకో అక్కా" అనలేదు. అన్నట్లయితే ఆ మాట పట్టుకుని మళ్ళీ తెచ్చుకునేదాన్నేమో! దేవుడు క్షమించాడో లేదో నాకెలా తెలుస్తుంది? చెల్లెలు మాత్రం, "లే, కాళ్ళు కడుక్కో, వడ్డిస్తాను" అంది.

విస్తట్లో పొట్లకాయ కూర! కాశీలో వదిలానని చెప్పాను. "ఎలాగూ నీకు పడదుగా" అని నవ్వింది.

మీలో ఎవరైనా కాశీకి బయలుదేరుతూంటే ఒక్క మాట. ఏ కాయ వదలాలో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. రైలెక్కేముందు ఒకసారి మెడ తడిమి చూసుకోండి.