సూదికి తగ్గినా వదలొద్దు

వేసవిలో మార్కాపురం పలకల గనుల్లో పనిచేసే మనిషికి తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తే వడదెబ్బ అంటాం. కంభం చెరువు కింద నాట్లేసే ఆడమనిషికి వస్తే పైత్యం అంటాం. ఆర్‌ఎంపీ బీపీ చూసి, సూది వేసి, సెలైన్ పెడతాడు. సాయంత్రానికి నెమ్మదిస్తుంది. చాలాసార్లు అది మామూలు నొప్పే. ఎప్పుడో ఒకసారి మాత్రం మెదడులో ఉబ్బిన రక్తనాళం చిట్లిన నొప్పి అవుతుంది.

రక్తనాళం గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బడమే అన్యూరిజం. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి ఉంటుందని అంచనా. చాలామందిలో అది ఎప్పటికీ పగలదు. కాబట్టి ప్రతివాళ్లూ స్కానింగుకు పరుగెత్తనక్కర్లేదు. పగిలితే మాత్రం సుమారు మూడోవంతు మంది దక్కరు. అదుపులో లేని బీపీ, చుట్ట, బీడీ, సిగరెట్ ముప్పు పెంచుతాయి. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ.

పక్షవాతం గురించి ఆసుపత్రి గోడల మీద రాసే లక్షణాలు ఇక్కడ సరిపోవు. మూతి వంకర పోకపోవచ్చు, చెయ్యి పడిపోకపోవచ్చు. మనిషి నడుస్తూ మాట్లాడుతూనే ఉండొచ్చు. గుర్తు పట్టాల్సింది నొప్పి మొదలైన తీరును. బిందె ఎత్తుతుండగానో, దొడ్డికి కూర్చున్నప్పుడో, ఏ పనిలో ఉండగా వచ్చిందో కచ్చితంగా చెప్పగలిగేంత హఠాత్తుగా వస్తుంది. నిమిషంలోపే భరించలేనంత అవుతుంది. వాంతి, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, కాసేపు స్పృహ తప్పడం తోడవ్వొచ్చు. కొందరిలో ముందు కొద్దిగా రక్తం కారి ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. అసలు ముప్పు ఆ తర్వాతే. మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి ఇరవై నాలుగు గంటల్లో అన్నిటికన్నా ఎక్కువ. సూదికి తగ్గిందని ఇంటికి పంపడం అందుకే ప్రమాదం.

నటి ఎమీలియా క్లార్క్‌కు 2011లో లండన్ జిమ్‌లో ఇలాగే అయింది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు తన పేరు తానే చెప్పలేకపోయింది. 2019లో ఆ సంగతి రాసి, కోలుకునేవాళ్ల కోసం ఒక సంస్థ పెట్టింది. మన ఊళ్లలో బతికి బయటపడ్డవాళ్ల మతిమరుపును, నీరసాన్ని, చిరాకును ఇంట్లోవాళ్లు బద్ధకమనుకుంటారు. ఇది జబ్బు మిగిల్చిన దెబ్బ అని డిశ్చార్జి రోజే కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పాలి.

నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు సీటీ తీస్తే రక్తస్రావం దాదాపు ఎప్పుడూ తప్పిపోదు. ఆలస్యమయ్యేకొద్దీ సీటీలో దొరక్కుండా పోవచ్చు, అప్పుడు వెన్నులోంచి నీరు తీసి చూడాలి. మార్కాపురం నుంచి ఒంగోలు సుమారు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లకు నల్లమల ఘాట్ దాటితే నంద్యాల, ఆపైన కర్నూలు. గుండెపోటుకు మన రాష్ట్రంలో ఇప్పటికే ఒక దారి ఉంది: చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, పెద్ద ఆసుపత్రి నిపుణుడు చూసి చెబుతాడు, అక్కడికక్కడే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. మెదడుకూ అలాంటి దారి వేయాలి. ఒక్క తేడా ఉంది: రక్తం కారుతున్న మెదడుకు ఆ గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోవచ్చు, కాబట్టి సీటీ లేకుండా అడుగు పడదు. మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ అర్ధరాత్రి కూడా సీటీ తీయాలి. ఆ బొమ్మను గుంటూరులోనో కర్నూలులోనో న్యూరోసర్జన్ వెంటనే చూడాలి. 108 వాహనం జిల్లా హద్దు చూడకుండా ఆపరేషన్ చేయగల దగ్గరి ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. తలనొప్పితో ఎవరొచ్చినా, సూది తీసేముందు ‘ఎలా మొదలైంది?’ అని అడగడం వాళ్లకు నేర్పాలి.