ఆగమమా, ఆదేశమా?



"వర్డ్‌ప్రెస్ స్థాపించుకొనే కొత్తవారికి ప్లగిన్ల సంగతి ఏం తెలుస్తుంది మాస్టారూ, కావలసినవన్నీ ముందే మూటగట్టి ఇస్తే పుణ్యం కదా!" అని మన మిత్రులలోనే కొందరు వాదిస్తున్నారు. వినడానికి చల్లగా ఉంటుంది ఈ వాదం. నేను అంగీకరించను. ఎందుకో కాస్త విస్తరించి వ్రాస్తాను. ఓపిక గలవారు చదవండి, కోపం వచ్చినవారు వ్యాఖ్యలో తిట్టండి.

పండిత శిక్షణలో సంధి ప్రకరణం మొదలుపెట్టగానే మాకు చెప్పిన మాట ఒకటుంది. ఆగమం మిత్రునివంటిది, ఆదేశం శత్రువువంటిది. "మా అమ్మ" అన్నచోట యడాగమం వస్తే "మాయమ్మ" అవుతుంది. వచ్చిన యకారం ఉన్న అచ్చులను వేటినీ కదల్చక, వాటి నడుమ ఒదిగి కూర్చుంటుంది. "వాడు కొట్టె" అన్నది "వాడు గొట్టె" అయినప్పుడు అలా కాదు. కకారాన్ని లేపివేసి గకారం ఆ పీటమీద కూర్చుంటుంది. ప్లగిన్లను కొలవడానికి నాకు ఇంతకంటె మంచి కొలబద్ద దొరకలేదు.

వర్డ్‌ప్రెస్ 2003లో పుట్టింది. బీ2 అనే పాత ఉపకరణం పని ఆగిపోగా, దాని మూలాన్ని తీసుకొని మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనేవారు కొత్త పేరుతో ముందుకు నడిపారు. ప్లగిన్లు తగిలించుకొనే వీలు 2004లో కలిగింది. దానితోపాటే పెట్టెలో "హలో డాలీ" అనే చిట్టి ప్లగిన్ వచ్చింది. నిర్వాహకుని తెరమీద లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటలోని ఒక చరణం చూపడం తప్ప దానికి వేరే పని లేదు. 2005 చివర వచ్చిన 2.0 కూర్పుతో చెత్త వ్యాఖ్యలను ఏరివేసే అకిస్మెట్ చేరింది. రెండూ పెట్టెలో ఉన్నా, మీరు మేల్కొలిపితే తప్ప పలకలేదు. వద్దనుకుంటే తుడిచివేయవచ్చు. అకిస్మెట్‌ను నడిపేది ములెన్‌వెగ్ గారి సంస్థ ఆటోమాటిక్కే అన్నది వేరే విచారణ. ఇవి ఆగమాలు, వీటితో నాకు తగాదా లేదు.

నా తగాదా అలంకారాలలో (థీములను మనం అలా పిలుచుకుంటున్నాం, ఆలంకారికులు క్షమింతురు గాక) దాచి ఇచ్చే మూటలతో. బొమ్మలను వరుసగా జరిపి చూపే రివల్యూషన్ స్లైడర్ అనే ప్లగిన్‌ను ఎందరో అలంకారకర్తలు తమ సరుకులో కలిపి అమ్మారు. 2014లో అందులో పెద్ద కంత బయటపడింది. విడిగా కొన్నవారు సవరించిన కూర్పును నేరుగా తెచ్చుకోగలిగారు. మూటలో పొందినవారు అలంకారకర్త పంపేదాకా ఆగవలసినదే. తమ గూటిలో అది ఉన్నదనే సంగతే ఎరుగని వారు మరెందరో! ఆ డిసెంబరులో సోక్‌సోక్ అనే దుష్టసంకేతం ఆ కంత గుండానే లక్షకు పైగా గూళ్ళలో చొరబడిందని సుకూరి అనే భద్రతా సంస్థ అంచనా కట్టింది. గూగుల్ 11,000కు పైగా చిరునామాలను వెలివేసింది. తెలియనివారికి చేసిన పుణ్యం ఇలా పండింది.

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చేసేవారి దగ్గరకు వెళ్ళి చూడండి. నాలుగు కొంటే నాలుగూ చేతబట్టి, తిప్పి, పగులు చూసుకొని మరీ కొంటాం. మూతిగట్టిన మూట ఇచ్చి "ఇంటికెళ్ళి విప్పుకోండి" అంటే ఏ ఇల్లాలు తీసుకుంటుంది?

ఆత్మకూరులో మేము కొందరు విశ్రాంత ఉపాధ్యాయులం శతకపద్యాలకు టీకాతాత్పర్యాలు వ్రాసి పెట్టుకొనే గూడు ఒకటుంది. ఒక సంస్థవారు (పేరు అనవసరం) ఇరవైమూడు ప్లగిన్ల మూటతో కట్టి ఇచ్చారు. పుటలను పేర్చే ప్లగిన్ ఒకటి అందులో ఉంది. రుసుము గడువు తీరి దాన్ని తొలగించేసరికి ప్రతి పద్యం మధ్యలోనూ చదరపు కుండలీకరణాలు, వాటిలో ఏదో పిశాచభాష! గణవిభజన చేసిన పాదాల నడుమ అవి ఎలా ఉంటాయో ఊహించుకోండి. అరవై దాటిన కళ్ళతో మూడువందల పైచిలుకు టపాలను ఒక్కొక్కటిగా శుభ్రం చేశాం. తీసివేస్తే మన వ్రాతను కూడా చీల్చుకొని పోయేది ఆగమం ఎలా అవుతుంది?

అసలైన ఆదేశం 2024 అక్టోబరులో జరిగింది. టపాకు అదనపు గడులు (కవి పేరు, ఛందస్సు, ముద్రణ సంవత్సరం వంటివి) చేర్చుకొనే ఏసీఎఫ్ అనే ప్లగిన్ ఇరవై లక్షలకు పైగా గూళ్ళలో ఉండేది. దాని యజమాని డబ్ల్యూపీ ఇంజిన్‌కూ ములెన్‌వెగ్ గారికీ తగవు వచ్చింది. వర్డ్‌ప్రెస్ భాండారంలో ఏసీఎఫ్ ఉన్న చోటనే ఎస్‌సీఎఫ్ అనే పేరుతో దాని మార్పుకూర్పును కూర్చోబెట్టారు. మామూలు సవరణ అనుకొని నొక్కినవారికి కొత్తది దిగింది. భద్రతాలోపం దిద్దామనీ, అమ్మకపు ప్రకటనలు తీశామనీ కారణం చెప్పారు. డిసెంబరులో అమెరికా న్యాయస్థానం ఉత్తర్వుతో ఆ చోటు మళ్ళీ పాతవారికి దక్కింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కదా, ఎవరైనా నకలు తీసి మార్చవచ్చు అంటారు. నిజమే. బీ2ను అలాగే మార్చారు. అయితే కొత్త పేరు పెట్టుకొని, కొత్త చోట ఇల్లు కట్టుకొని మార్చారు. బీ2 వాడుకరి ఒక ఉదయం లేచి చూసేసరికి తన ఇల్లు వర్డ్‌ప్రెస్ అయిపోలేదు!

కొత్తవారికి సాయం వద్దని నేననను. మూటలో ఏమేమున్నాయో, ఎవరు చేశారో, తీసివేస్తే టపాలకు ఏమవుతుందో తెలుగులో ఒక పుట వ్రాసి ఇవ్వండి. అన్నింటినీ నిద్రపుచ్చి ఇవ్వండి. మేల్కొలిపేది ఆ గూటివారే కావాలి. నేనీ టపా వ్రాస్తున్న ఉచిత గూటిలో ఆ స్వేచ్ఛా లేదు, ఆ బెడదా లేదు. సొంత గూడు కట్టుకొన్నవారికైనా ఆ హక్కు దక్కాలి కదా.

అన్నట్టు, కావలసినవన్నీ ఇస్తామంటున్నారే, ఎవరికి కావలసినవి? లేఖినిలో టైపు చేసి, ఎత్తుకొచ్చి అతికించడం మనందరం చేసిన పనే. మా ఆత్మకూరు ఇరవైమూడింటిలో పెళ్ళికి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టే గడియారం కూడా ఉండేది. అరసున్న వేసుకొనే దారి మాత్రం ఒక్కదానిలోనూ లేదు.